లోపలి హార్డ్ డిస్క్‌కి 'ఎజెక్ట్' ఎందుకు చూపిస్తోంది? తరచుగా అడిగే ప్రశ్నలు

సీపీయూ డబ్బాలో నాలుగు స్క్రూలతో బిగించిన హార్డ్ డిస్క్ అది. బయటికి తియ్యాలంటే పక్క తలుపు విప్పాలి, రెండు కేబుళ్లు పీకాలి. అయినా టాస్క్‌బార్ మూలన పెన్‌డ్రైవ్ తీసేటప్పుడు నొక్కే బొమ్మ నొక్కితే, అక్కడి జాబితాలో ఈ డిస్క్ పేరు కూడా ఉంటుంది, పక్కనే 'ఎజెక్ట్' అని. ఇది చూసి కంగారుపడి ఫోన్ చేసేవాళ్లు నాకు చాలామంది. వాళ్లు అడిగేవే ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువగా విండోస్ 8, 10, 11 గురించి, మధ్యలో కొంచెం విండోస్ 7, లైనక్స్ గురించి.

నా హార్డ్ డిస్క్ పాడైపోతోందా?

లేదు. ఎజెక్ట్ అని కనిపించినంత మాత్రాన డిస్క్‌కి ఏ జబ్బూ లేదు, వైరసూ కాదు. మీ ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఈ ఒక్క కారణంతో డిస్క్‌ని ఫార్మాట్ చెయ్యకండి, కొత్తది కొనకండి.

మరి లోపలున్నదాన్ని తీసేయొచ్చని విండోస్ ఎందుకు అనుకుంటోంది?

ఆ మాట చెప్పింది డిస్క్ కాదు, మదర్‌బోర్డు మీద దాని కేబుల్ తగిలించి ఉన్న పోర్టు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

డిస్క్‌ని మదర్‌బోర్డుకు కలిపే పాత పద్ధతి ఐడీఈ. ఆ రోజుల్లో వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉండేది. కంప్యూటర్ ఆన్‌లో ఉండగా డిస్క్ పీకడమంటే ఏదో ఒకటి కాల్చుకోవడమే. 2003లో దాని స్థానంలో సాటా అనే కొత్త పద్ధతి వచ్చింది. కరెంటు ఉండగానే డిస్క్ పెట్టడానికీ తీయడానికీ వీలుండేలా దాన్ని తయారుచేశారు. దీన్నే హాట్ ప్లగ్ అంటారు. సాటా డిస్క్ వెనకాల పవర్ కనెక్టర్‌ని దగ్గరగా చూడండి. 15 పిన్నులుంటాయి, వాటిలో కొన్ని మిగతావాటికంటే కాస్త పొడవు. కేబుల్ పెట్టేటప్పుడు ముందు గ్రౌండ్ తగలాలి, ఆ తర్వాతే కరెంటు రావాలి, అందుకే ఆ ఏర్పాటు.

అయితే ప్రతి పోర్టునీ అలా వాడరు కదా. అందుకని సాటా పోర్టులతో విండోస్ మాట్లాడే ఏహెచ్‌సీఐ పద్ధతిలో పోర్టు పోర్టుకీ విడిగా ఒక గుర్తు పెట్టారు: 'ఈ పోర్టులో డిస్క్‌ని నడుస్తుండగా మార్చుకోవచ్చు' అని. కంప్యూటర్ ఆన్ చేయగానే బయోస్ (విండోస్ కంటే ముందే లేచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) ఆ గుర్తు పెడుతుంది. తర్వాత విండోస్ డ్రైవర్ (ఆ పోర్టులను నడిపే ప్రోగ్రామ్) దాన్ని చదివి, సరేనని ఆ డిస్క్‌ని ఎజెక్ట్ జాబితాలో చేరుస్తుంది. మదర్‌బోర్డు తయారీదారులు కొన్ని బోర్డుల్లో అన్ని పోర్టులకూ ఆ గుర్తు పెట్టి పంపేస్తారు. మీకు కనిపిస్తున్నది దాని ఫలితమే.

నమ్మకం కుదరకపోతే కంప్యూటర్ ఆపేసి, అదే డిస్క్‌ని వేరే సాటా పోర్టుకు మార్చి చూడండి. ఎజెక్ట్ పోయిందంటే ఆ రెండో పోర్టుకు గుర్తు లేదన్నమాట. పోకపోతే రెంటికీ ఉంది.

పొరపాటున ఎజెక్ట్ నొక్కేశాను, డి డ్రైవ్ మాయమైంది! ఏం చెయ్యాలి?

ముందు మౌస్ మీంచి చెయ్యి తియ్యండి. నిజంగానే చెప్తున్నాను. ఎజెక్ట్ వల్ల డేటా పోదు. ఆ తర్వాత కంగారులో చేసే పనుల వల్ల పోతుంది.

మా చిన్నాన్న కొడుకు ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, డి డ్రైవే లేదు. పాప అన్నప్రాశన ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి" అన్నాడు. గొంతు వణుకుతోంది. పెన్‌డ్రైవ్ తీయబోయి, జాబితాలో దాని పై వరుస నొక్కాడట. డిస్క్ మోడల్ నంబరూ పెన్‌డ్రైవ్ పేరూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి, తొందరలో ఎవరికైనా జరుగుతుంది. అప్పటికే ఏదో రికవరీ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ పెట్టేశాడు. అది ఆపించి, "ఏమీ నొక్కకు, ఒక్కసారి రీస్టార్ట్ చెయ్యి" అన్నాను. రెండు నిమిషాలు లైన్‌లోనే ఉన్నాను. డి డ్రైవ్ వచ్చింది, ఫొటోలూ వచ్చాయి.

మీరు చేయాల్సింది కూడా అంతే: రీస్టార్ట్. రీస్టార్ట్ చేయడానికి వీల్లేని పనిలో ఉంటే, కంప్యూటర్‌లోని భాగాల జాబితా చూపించే డివైస్ మేనేజర్ తెరిచి పైన 'యాక్షన్' మెనూలో 'స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ ఛేంజెస్' నొక్కండి. చాలాసార్లు దానితోనే తిరిగొస్తుంది.

చెయ్యకూడనిది ఒకటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచినప్పుడు 'ఇనిషియలైజ్ డిస్క్' అని ఒక చిన్న పెట్టె వస్తే ఓకే నొక్కకండి, క్యాన్సిల్ చేయండి. ఖాళీ డిస్క్‌కి అడగాల్సిన ప్రశ్న అది. మీ డిస్క్‌లో డేటా ఉందని మీకు తెలుసు, దానికి తెలియడం లేదు. 'ఫార్మాట్ చేస్తే తప్ప వాడలేరు' అన్న సందేశానికైనా జవాబు ఇదే. డిస్క్ 'ఆఫ్‌లైన్' అని కనిపిస్తే మాత్రం దాని మీద రైట్ క్లిక్ చేసి 'ఆన్‌లైన్' చేయడంలో భయం లేదు.

సి డ్రైవ్ కూడా ఇలా ఎజెక్ట్ అయిపోతుందా?

విండోస్ తాను నడుస్తున్న డిస్క్‌ని వదలదు. నొక్కినా 'వాడుకలో ఉంది' అని చెప్పి ఆగిపోతుంది.

నేనేమీ నొక్కలేదు. డ్రైవ్ దానంతటదే పోతోంది, మళ్లీ వస్తోంది. ఇదీ అదేనా?

కాదు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పైన చెప్పినదాంట్లో డిస్క్ బాగానే ఉంటుంది, పేరు మాత్రం తప్పు జాబితాలో ఉంటుంది. ఇక్కడ డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య నిజంగానే లింకు తెగుతోంది. హాట్ ప్లగ్ గుర్తు ఉండటం వల్ల అది పెన్‌డ్రైవ్ పీకినట్టు కనిపిస్తుంది, అంతే తేడా.

విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి 'విండోస్ లాగ్స్' కింద 'సిస్టమ్' చూడండి. 157 నంబరు ఉంటే, డిస్క్ చెప్పాపెట్టకుండా ఊడిపోయిందని విండోస్ రాసుకున్నట్టు. 129 అంటే డిస్క్ జవాబు ఇవ్వక కంట్రోలర్‌ని రీసెట్ చేయాల్సి వచ్చింది. 153 అంటే చదవడమో రాయడమో మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చింది. ఇవి వరుసగా కనిపిస్తుంటే ముందు డేటా ఇంకోచోటికి కాపీ చేసుకోండి. మిగతా పనులన్నీ ఆ తర్వాతే.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలను స్మార్ట్ అంటారు. తర్వాత వాటిని చూపించే ఏదైనా సాఫ్ట్‌వేర్‌తో మూడు వరుసలు చూడండి. 199వ వరుస సీఆర్‌సీ తప్పుల లెక్క, అంటే డేటా దారిలో చెడిపోయిన సందర్భాలు. అది పెరుగుతుంటే నేను ముందు అనుమానించేది కేబుల్‌ని. 5, 197 వరుసల్లో సున్నా కాకుండా అంకె ఉండి, అది వారం వారం పెరుగుతుంటే డిస్క్ ఉపరితలమే పాడవుతోంది, ఇంక దాన్ని నమ్మకండి. 199 లెక్క కేబుల్ మార్చినా తగ్గదు, పాత తప్పులు అలాగే ఉండిపోతాయి. మార్చాక పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి.

సాటా కేబుల్ కొనేటప్పుడు చివర ఇనుప క్లిప్ ఉన్నది తీసుకోండి. క్లిప్ లేనివి క్యాబినెట్ కదిలినప్పుడల్లా కొద్దికొద్దిగా వదులవుతాయి. సికింద్రాబాద్ సీటీసీలోనైనా, మీ ఊళ్లో కంప్యూటర్ విడిభాగాల షాపులోనైనా ఇది చిన్న ఖర్చే. పవర్ కనెక్టర్ కూడా వేలితో నొక్కి చూడండి, ఒకే వైరుకు రెండు మూడు డిస్కులు తగిలించి ఉంటే వేరే వైరుకు మార్చండి. ఈ పనులన్నీ కంప్యూటర్ ఆపి, మెయిన్ స్విచ్ తీశాకే.

విండోస్ నా డిస్క్‌ని ఏమనుకుంటోందో కచ్చితంగా ఎక్కడ చూడొచ్చు?

డివైస్ మేనేజర్‌లో 'డిస్క్ డ్రైవ్స్' కింద మీ డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. 'డీటెయిల్స్' ట్యాబ్‌లో, కిందికి జారే జాబితాలో 'రిమూవల్ పాలసీ' ఎంచుకోండి. చివర 1 ఉంటే లోపలి డిస్క్, తీయరు అని అర్థం. 2 ఉంటే చెప్పి తీస్తారు, 3 ఉంటే చెప్పకుండా కూడా పీకేయొచ్చు అని. లోపలి డిస్క్‌కి ఉండాల్సింది 1. సరిచేశాక మళ్లీ ఇక్కడికే వచ్చి చూసుకోండి, టాస్క్‌బార్ మూలనున్న బొమ్మకంటే ఇది నమ్మదగిన సాక్ష్యం.

అసలు పరిష్కారం ఏంటి?

బయోస్‌లో ఆ పోర్టుకు హాట్ ప్లగ్ ఆపేయడం. నా దృష్టిలో ఇదే సరైన మందు. గుర్తు పెట్టింది బయోస్ కాబట్టి తీయాల్సింది కూడా అక్కడే.

కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉండండి. లోపల 'సాటా కాన్ఫిగరేషన్' లేదా 'స్టోరేజ్ కాన్ఫిగరేషన్' అనే పేజీ వెతకండి, సాధారణంగా 'అడ్వాన్స్‌డ్' కిందో 'పెరిఫెరల్స్' కిందో ఉంటుంది. అక్కడ పోర్టుల పేర్లు వరుసగా ఉండి, ఒక్కోదాని కింద 'హాట్ ప్లగ్' అనో 'ఎక్స్‌టర్నల్ సాటా' అనో ఉంటుంది. మీ డిస్క్ మోడల్ నంబరు ఏ పోర్టు పక్కన కనిపిస్తోందో చూసి, పోర్టుని కాదు, దాని కింద ఉన్న ఆ హాట్ ప్లగ్ వరుసని మాత్రమే 'డిజేబుల్డ్' చేయండి. ఎఫ్10తో సేవ్ చేసి బయటికి రండి. ఆ పేజీలో ఇంకేమీ కదపకండి, ముఖ్యంగా 'సాటా మోడ్' అన్నదాన్ని. దాని గురించి కింద విడిగా రాశాను.

నా బయోస్‌లో హాట్ ప్లగ్ అన్న మాటే లేదు. లాప్‌టాప్. ఇప్పుడేం చెయ్యను?

లాప్‌టాప్‌లు చాలావాటిలో ఉండదు. ముందు తయారీదారు సైట్‌లో కొత్త బయోస్ ఉందేమో చూడండి. లేకపోతే రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) దారి ఉంది. ఇది మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పద్ధతే, ఎవరో కనిపెట్టిన చిట్కా కాదు. కాకపోతే విండోస్‌తో పాటు వచ్చే ఏహెచ్‌సీఐ డ్రైవర్ వాడుతున్నప్పుడే పనిచేస్తుంది.

మొదట పోర్టు నంబరు తెలుసుకోవాలి. డివైస్ మేనేజర్‌లో డిస్క్ ప్రాపర్టీస్ తెరిస్తే, 'జనరల్' ట్యాబ్‌లో 'లొకేషన్' అని ఉండి 'బస్ నంబర్ 1, టార్గెట్ ఐడీ 0, లన్ 0' లాంటి వరుస ఉంటుంది. మనకు కావాల్సింది బస్ నంబరు ఒక్కటే. ఈ ఉదాహరణలో 1. కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు రిజిస్ట్రీ ఎడిటర్ తెరవండి. ఎడమవైపు లోకల్ మెషీన్ అని ఉన్న పెద్ద ఫోల్డర్, దానిలో సిస్టమ్, దానిలో కరెంట్ కంట్రోల్ సెట్, దానిలో సర్వీసెస్. అక్కడ స్టోర్, ఏహెచ్‌సీఐ రెండూ కలిసిన పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. 'స్టోర్' స్పెల్లింగ్‌లో చివరి 'ఇ' ఉండదు. దానిలో పారామీటర్స్, దానిలో డివైస్. ఆ డివైస్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ముందు 'ఎక్స్‌పోర్ట్' చేసి దాచుకోండి. ఏదైనా తేడా వస్తే ఆ ఫైలే దిక్కు.

తర్వాత కుడివైపు ఖాళీలో 'న్యూ', 'మల్టీ స్ట్రింగ్ వాల్యూ' ఎంచుకుని పేరు పెట్టండి: ట్రీట్ యాజ్ ఇంటర్నల్ పోర్ట్. నాలుగు మామూలు ఇంగ్లీషు మాటలే, మధ్యలో ఎక్కడా ఖాళీ లేకుండా కలిపి టైప్ చేయాలి. దాన్ని తెరిచి మీరు రాసుకున్న నంబరు ఇవ్వండి. రెండు మూడు డిస్కులుంటే ఒక్కో నంబరు ఒక్కో వరుసలో. రీస్టార్ట్ చేయండి.

వద్దనుకున్న రోజు ఆ వాల్యూ డిలీట్ చేసి రీస్టార్ట్ చేస్తే చాలు, మళ్లీ ఎప్పటిలాగే ఉంటుంది.

అన్నీ చేశాను, ఇంకా అలాగే ఉంది.

నేను చూసినంతలో ఎక్కువమంది షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేసి ఉంటారు. విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అని ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం పూర్తిగా ఆగదు, నిద్రపోయి లేచినట్టు లేస్తుంది, డ్రైవర్ కొత్త సెట్టింగ్ చదవదు. మెనూలో 'రీస్టార్ట్' అన్నదే నొక్కాలి.

అదీ చేసి ఉంటే పేరులో స్పెల్లింగు, ఖాళీలు చూడండి. 'మల్టీ స్ట్రింగ్' బదులు మామూలు 'స్ట్రింగ్' చేశారేమో చూడండి. చివరగా డ్రైవర్. డివైస్ మేనేజర్‌లో సాటా కంట్రోలర్ ప్రాపర్టీస్, 'డ్రైవర్' ట్యాబ్, 'డ్రైవర్ డీటెయిల్స్' నొక్కితే ఫైలు పేరు కనిపిస్తుంది. అక్కడ పైన చెప్పిన స్టోర్ ఏహెచ్‌సీఐ పేరు కాకుండా ఇంటెల్‌దో ఏఎండీదో ఇంకో ఫైలు ఉంటే ఈ వాల్యూని అది పట్టించుకోదు. అప్పుడు ఆ డ్రైవర్ కొత్త వెర్షన్ వేసి చూడాలి, లేదా బయోస్ దారే.

విండోస్ 7లో?

అక్కడ డ్రైవర్ పేరు వేరు, ఎంఎస్ ఏహెచ్‌సీఐ. సర్వీసెస్ కింద దాని ఫోల్డర్‌లో కంట్రోలర్ 0 అని, దానిలో పోర్టు నంబరును బట్టి ఛానెల్ 0, ఛానెల్ 1 అని ఫోల్డర్లు మనమే చేసుకోవాలి. వాటి పేర్లలో కూడా ఖాళీ ఉండదు. ఛానెల్ ఫోల్డర్‌లో అదే పేరుతో ఈసారి డీవర్డ్ వాల్యూ చేసి 1 ఇవ్వాలి. విండోస్ 7కి భద్రతా అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి కాబట్టి దాని మీద ఇంత శ్రమ పడేముందు కొత్త విండోస్‌కి మారే ఆలోచన చేయండి.

సాటా మోడ్‌ని ఐడీఈకి మారిస్తే పోతుందని ఫ్రెండ్ చెప్పాడు. మార్చనా?

వద్దండీ. పోయే మాట నిజమే, ఎందుకంటే ఐడీఈ మోడ్‌లో హాట్ ప్లగ్ అన్నదే ఉండదు. దాంతోపాటు డిస్క్ తనకొచ్చిన పనులను వరుస మార్చుకుని వేగంగా చేసుకునే సౌకర్యం కూడా పోతుంది. అంతకంటే పెద్ద చిక్కు, ఏహెచ్‌సీఐలో ఇన్‌స్టాల్ చేసిన విండోస్ మోడ్ మారగానే బూట్ అవకుండా నీలం తెర చూపించవచ్చు, 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అని. ఇప్పటికే మార్చి ఆ తెర చూస్తుంటే టెన్షన్ పడకండి, బయోస్‌లోకి వెళ్లి మళ్లీ ఏహెచ్‌సీఐ పెడితే మామూలవుతుంది.

రిజిస్ట్రీలో 'కెపబిలిటీస్' అనే నంబరు మారిస్తే సరిపోతుందంటారు?

ఆ నంబరుని విండోస్ ప్రతి బూట్‌లోనూ డ్రైవర్‌ని అడిగి మళ్లీ రాసుకుంటుంది. మీరు మార్చింది మర్నాటికి ఉండదు. దానికోసం పర్మిషన్లు మార్చడం, స్టార్టప్‌లో స్క్రిప్టులు పెట్టడం ఇదంతా కొత్త తలనొప్పి.

డీవీడీ డ్రైవ్ తీసేసి, ఆ చోట క్యాడీలో (డిస్క్‌ని పట్టి ఉంచే చట్రంలో) హార్డ్ డిస్క్ పెట్టించాను. అది మాత్రమే ఎజెక్ట్‌లో వస్తోంది.

డీవీడీ డ్రైవ్ కోసం కేటాయించిన పోర్టుకు లాప్‌టాప్ కంపెనీలు హాట్ ప్లగ్ గుర్తు పెట్టడం మామూలే. ఇప్పుడు అక్కడ హార్డ్ డిస్క్ ఉన్నా పోర్టు మాట మారలేదు. పైన చెప్పిన రిజిస్ట్రీ పద్ధతిలో ఆ ఒక్క బస్ నంబరు ఇవ్వండి.

నాది ఎం.2 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. దానికీ ఎజెక్ట్ వస్తోంది.

అది సాటా మీద కాదు, పీసీఐఈ అనే వేరే రకం కనెక్షన్ మీద నడుస్తుంది. ఆ స్లాటే హాట్ ప్లగ్ అని బయోస్ చెబుతుంటే ఇలా వస్తుంది. సాటా డ్రైవర్‌కి పెట్టే రిజిస్ట్రీ వాల్యూ దీని మీద పనిచేయదు. బయోస్‌లో పీసీఐఈ కింద హాట్ ప్లగ్ ఆప్షన్ ఉందేమో చూడండి, లేకపోతే బయోస్ అప్‌డేట్.

ఇదంతా ఎందుకు, ఆ బొమ్మనే దాచేస్తే?

టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో దాచుకోవచ్చు. అయితే రేపు పెన్‌డ్రైవ్ తీసేటప్పుడు ఆ బొమ్మ కావాలి కదా. పిల్లలు వాడే కంప్యూటర్ అయితే దాచడం కాకుండా సరిచేయడమే మంచిదని నా అభిప్రాయం.

దీనివల్ల స్పీడ్ తగ్గుతుందా?

హాట్ ప్లగ్ గుర్తు వల్ల నేరుగా తగ్గదు. కానీ డిస్క్ ప్రాపర్టీస్‌లో 'పాలసీస్' ట్యాబ్ చూడండి. 'క్విక్ రిమూవల్' ఎంచుకుని ఉంటే రైట్ క్యాషింగ్ (రాయాల్సిన డేటాని ముందు మెమరీలో ఉంచుకుని తర్వాత డిస్క్ మీదికి పంపడం) ఆగిపోయి, పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు నెమ్మదిగా అనిపిస్తుంది. 'బెటర్ పెర్ఫార్మెన్స్' చేసుకోండి. కరెంటు తరచుగా పోయే చోట యూపీఎస్ లేకుండా మాత్రం వద్దు, క్యాషేలో ఉన్న డేటా డిస్క్ మీదికి చేరకముందే పోవచ్చు.

లైనక్స్‌లో కూడా ఇలాగే ఉంటుందా?

ఉండొచ్చు. ఉబుంటు లాంటివాటిలో లోపలి డిస్క్ పక్కన ఎజెక్ట్ బాణం కనిపించొచ్చు. టెర్మినల్‌లో బ్లాక్ డివైసుల జాబితా తీస్తే కొన్ని వెర్షన్లలో 'ఆర్‌ఎం' అనే నిలువు వరుసలో ఆ డిస్క్‌కి 1 ఉండొచ్చు. కారణం అదే గుర్తయితే బయోస్‌లో హాట్ ప్లగ్ ఆపితే ఇక్కడా పోతుంది. ఇక్కడ అసలు జాగ్రత్త పెన్‌డ్రైవ్ మీదికి ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా ఉన్నది) రాసేటప్పుడు కావాలి. తీసేయగల డిస్కుల జాబితాలో మీ లోపలి డిస్క్ కూడా రావచ్చు. సైజు చూసి, రెండుసార్లు చదివి నొక్కండి. ఆ పొరపాటు రీస్టార్ట్‌తో వెనక్కి రాదు.

వీఎంవేర్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) లోపల నడుస్తున్న విండోస్‌లో డిస్కూ నెట్‌వర్క్ కార్డూ రెండూ ఎజెక్ట్‌లో ఉన్నాయి.

వర్చువల్ మెషీన్ సెట్టింగ్ ఫైల్లో డివైసెస్ హాట్‌ప్లగ్ అనే వరుసకు 'ఫాల్స్' అని పెట్టాలి, మెషీన్ ఆపి ఉన్నప్పుడు. నెట్‌వర్క్ కార్డు ఎజెక్ట్ చేస్తే దూరం నుంచి లాగిన్ అయినవాళ్లు బయటపడిపోతారు కాబట్టి ఆఫీసు సర్వర్లలో దీన్ని ముందే చేయించండి.

హాట్ ప్లగ్ ఆపకూడని సందర్భం ఉందా?

ఉంది. క్యాబినెట్ ముందు భాగంలో డిస్క్ తోసి లాగే ట్రే ఉన్నవాళ్లు, ఈసాటా పోర్టుకు బయటి డిస్క్ తగిలించేవాళ్లు, సర్వర్లలో రెయిడ్ డిస్కులు (చాలా డిస్కులు కలిపి ఒకటిగా వాడే ఏర్పాటులోవి) మార్చేవాళ్లు ఆ పోర్టులకు అలాగే ఉంచాలి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల్లో రోజుకో డిస్క్ మారుస్తారు, వాళ్లకు ఇది వరమే. ఆ ఒక్క పోర్టుకు ఉంచి మిగతావాటికి ఆపేయండి.

బయోస్‌లో ఆపేశాను, మూడు నెలలు బాగానే ఉంది. మళ్లీ వచ్చింది!

బయోస్ అప్‌డేట్ ఏమైనా జరిగిందా? జరిగితే సెట్టింగులన్నీ మొదటికి వచ్చి ఉంటాయి, మళ్లీ ఆపాలి. జరగకపోతే కంప్యూటర్ ఆన్ చేయగానే తేదీ చూడండి. ఏదో పాత సంవత్సరం చూపిస్తుంటే మదర్‌బోర్డు మీదున్న నాణెంలాంటి సెల్ అయిపోయింది. సీఆర్2032 అని అడిగితే ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా ఇస్తారు. కంప్యూటర్ ప్లగ్ పీకి, పాత సెల్ ఏ వైపు పైకి ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకుని, కొత్తది అలాగే పెట్టండి. ఆ తర్వాత బయోస్‌లోకి వెళ్లి ముందు తేదీ సరిచేసి, సాటా మోడ్ ఏహెచ్‌సీఐలోనే ఉందో లేదో చూసి, అప్పుడు హాట్ ప్లగ్ ఆపండి.